ఫార్మింగ్టన్ కేసులో జవాబు చెప్పాల్సింది ఎవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

2019 జనవరి చివరి వారంలో అమెరికా వలస అధికారులు ‘ఫార్మింగ్టన్’ అనే బూటకపు విశ్వవిద్యాలయంలో చేరిన 130 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. అందులో 129 మంది భారతీయులు, వాళ్లలోనూ ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలు. కొన్నాళ్లు టీవీలు హోరెత్తాయి, తర్వాత వార్త చల్లారిపోయింది. అయితే ప్రవేశాల కాలం వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులు అవే ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. వలస చట్టాల అమలులో ప్రభుత్వం హద్దు మీరితే నిలదీసేది ఎవరన్న చర్చ ఇప్పుడు అమెరికా అంతటా సాగుతోంది. మన ఇళ్లకు ఆ ప్రశ్న ఎప్పుడో వచ్చింది. తెలిసిన సంగతులను ఒకచోట పెడుతున్నాను.

అసలు ఫార్మింగ్టన్‌లో ఏం జరిగింది?

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగర శివారు పట్టణం ఫార్మింగ్టన్ హిల్స్. అక్కడి నార్త్‌వెస్టర్న్ హైవే మీద ఉన్న ఒక కార్యాలయ భవనంలో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ పేరుతో ఒక ఆఫీసు తెరిచారు. దానికి వెబ్‌సైటు ఉంది, ఫేస్‌బుక్ పేజీ ఉంది, లాటిన్ భాషలో ‘జ్ఞానం, శ్రమ’ అన్న నినాదంతో ముద్ర కూడా ఉంది. అధ్యాపకులు మాత్రం లేరు. పాఠాలు లేవు, తరగతి గది లేదు. అధికారులుగా, ఉద్యోగులుగా అక్కడ కనిపించినవాళ్లంతా అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ రహస్య ఏజెంట్లు. ఆ శాఖ కింద పనిచేసే వలస, కస్టమ్స్ అమలు సంస్థను అందరూ ఐస్ అంటారు. ఈ విశ్వవిద్యాలయం ఐస్ దర్యాప్తు విభాగం పన్నిన వల. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ పేపర్ చేజ్’.

ఈ వల అల్లడం 2015లోనే మొదలైంది. 2017 ఫిబ్రవరి నుంచి జోరందుకుంది. 600 మందికి పైగా విద్యార్థులు చేరారు. మూడు నెలల విడతకు సగటున 2,500 డాలర్లు ఫీజు కట్టారు. అంటే అప్పటి మారకం రేటులో లక్షా అరవై, డెబ్బై వేల రూపాయలు. 2019 జనవరి 30న అందులో విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద నేరాభియోగాలు బయటపెట్టి, విద్యార్థుల అరెస్టులు ప్రకటించారు. ఆ ఏడాది నవంబరు నాటికి అరెస్టయిన విద్యార్థుల సంఖ్య 250కి చేరింది.

అది నిజమైన విశ్వవిద్యాలయమని నమ్మడానికి ఆధారం ఏముంది?

అమెరికా చదువుకు వెళ్లే విద్యార్థి ఇంట్లో అందరికీ తెలిసిన కాగితం ఐ-20, అంటే వీసాకు కావాల్సిన ప్రవేశ పత్రం. వీసా ఇంటర్వ్యూకు ముందు దాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుంటారు, బ్యాంకు మేనేజరుకు నకలు ఇస్తారు, కొన్ని ఇళ్లలో దేవుడి పటం ముందు కూడా పెడతారు. ఆ కాగితం పైభాగాన ముద్రించి ఉండే పేరు విశ్వవిద్యాలయానిది కాదు, హోంలాండ్ సెక్యూరిటీ శాఖది. విదేశీ విద్యార్థుల వివరాలు నమోదయ్యే వ్యవస్థ పేరు సెవిస్. ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబరును ఇచ్చేదీ ఆ శాఖ కంప్యూటరే. విదేశీ విద్యార్థులను చేర్చుకునేందుకు ఏ విద్యాసంస్థకు అనుమతి ఉందో తెలుసుకోవాలంటే చూడాల్సిన జాబితా కూడా ఆ శాఖ వెబ్‌సైటులోనే ఉంటుంది.

ఫార్మింగ్టన్ పేరు ఆ జాబితాలో ఉంది. హోంలాండ్ సెక్యూరిటీ అడిగినందువల్ల ఒక జాతీయ గుర్తింపు సంస్థ కూడా తన జాబితాలో దాన్ని చేర్చింది. మిషిగన్ రాష్ట్ర రికార్డుల్లోనూ నమోదైంది. చలికాలంలో మంచు కురిస్తే ‘ఈ రోజు సెలవు’ అని ఫేస్‌బుక్ పేజీలో ప్రకటన వచ్చేది.

జాగ్రత్తపడే విద్యార్థి ఏం చేస్తాడు? ప్రభుత్వ జాబితా చూస్తాడు. ఇక్కడ ఆ జాబితా ఎవరిదో, బూటకపు బడీ వాళ్లదే. ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఈ ఒక్క విషయం. మోసపోకుండా చూసుకోవడానికి ప్రభుత్వం చూపించిన దారినే మోసానికి వాడారు.

తరగతులు లేవని విద్యార్థులకు తెలియదా?

చాలామందికి తెలుసు. దీన్ని దాచి మాట్లాడితే ఆ పిల్లలకు మేలు జరగదు. అక్కడ చేరినవాళ్లలో ఒక్కరు కూడా ఒక్క క్షణం తరగతిలో కూర్చోలేదని, చదువు పేరుతో దేశంలో ఉండి పని చేసుకోవడమే వాళ్ల ఉద్దేశమని ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు చెప్పారు. నెలల తరబడి ఫీజు కడుతూ ఒక్క పాఠమైనా వినని విద్యార్థికి అనుమానం రాలేదంటే నమ్మడం కష్టం.

అయితే 600 మందీ ఒకే రకం కాదు. తరగతులు లేవని తెలిశాక మరో విశ్వవిద్యాలయానికి మారిపోయిన విద్యార్థులున్నారు. అలా మారినవాళ్లలోనూ కొందరిని అరెస్టు చేశారు. పని అనుభవాన్నే చదువులో భాగంగా లెక్కించే కోర్సులు అమెరికాలో నిజంగానే ఉన్నాయి, వాటికి ప్రభుత్వ అనుమతి కూడా ఉంది. ఇదీ అలాంటిదేనని సీనియర్లు, దళారులు చెబితే నమ్మినవాళ్లున్నారు. ఎవరిది తెలిసి చేసిన తప్పో, ఎవరిది అమాయకత్వమో విడదీసి చూడాల్సిన బాధ్యత వల పన్నినవాళ్లది. ‘చేరినవాళ్లందరికీ తెలుసు, అందరూ తప్పు చేస్తున్నామని తెలిసే చేశారు’ అని అమెరికా విదేశాంగ శాఖ ఒక్క మాటలో తేల్చేసింది.

అలాంటి చోట చేరాల్సిన అవసరం ఎందుకు వచ్చింది?

మాస్టర్స్ పూర్తయ్యాక ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఏడాది పాటు ఓపీటీ కింద, అంటే చదివిన రంగంలో శిక్షణగా, పని చేసే వీలుంటుంది. సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకు మరో 24 నెలలు కలుస్తాయి. ఆ మూడేళ్లలో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. 2018 ఏప్రిల్‌లో ఉన్న 85 వేల వీసాలకు 1,90,098 దరఖాస్తులు వచ్చాయి. లాటరీ తగలని వ్యక్తి ముందు రెండే దారులు మిగులుతాయి, ఇంటికి తిరిగి రావడం లేదా మళ్లీ ఏదో ఒక చదువులో చేరడం. తీర్చాల్సిన అప్పు ముప్పై లక్షలున్నప్పుడు మొదటి దారి అంత తేలిక కాదు. అందుకే చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ కింద, అంటే చదువులో భాగంగా, పని చేసుకోనిచ్చే కోర్సుల కోసం వెతుకులాట మొదలవుతుంది. వల వేసినవాళ్లకు ఈ లెక్కలన్నీ బాగా తెలుసు.

ఇలా వల పన్ని పట్టుకోవడాన్ని చట్టం ఒప్పుకుంటుందా?

నేరం చేసే ఉద్దేశం లేని మనిషిని ప్రభుత్వమే రెచ్చగొట్టి నేరం చేయిస్తే శిక్షించకూడదన్న సూత్రం అమెరికా క్రిమినల్ చట్టంలో ఉంది. ఆ మనిషికి ముందే అలాంటి ఉద్దేశం ఉందని ప్రభుత్వం చూపగలిగితే ఆ రక్షణ పనికిరాదు.

విద్యార్థుల సంగతి వేరు. వాళ్ల మీద క్రిమినల్ కేసులు పెట్టలేదు. వలస నిబంధనల ఉల్లంఘన కింద సివిల్ చర్య తీసుకున్నారు. సివిల్ అనగానే తేలికపాటిదని అనుకోకండి. సివిల్ చర్యలో కూడా చేతికి సంకెళ్లు పడతాయి, కౌంటీ జైలులో ఉంచుతారు. క్రిమినల్ కేసులో దొరికే ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది మాత్రం దొరకడు. నేరస్థుడికి ఉండే రక్షణ విద్యార్థికి లేకపోయింది. వల పన్నడం న్యాయమా కాదా అని న్యాయమూర్తి ముందు వాదించే అవకాశం వాళ్లకు దాదాపుగా రాలేదు.

అరెస్టయినవాళ్లకు చివరికి ఏమైంది?

దాదాపు 80 శాతం మంది ‘స్వచ్ఛందంగా’ దేశం విడిచి వెళ్లారని ఐస్ చెప్పింది. మిగిలినవాళ్లలో సగం మందికి దేశ బహిష్కరణ ఉత్తర్వులు అందాయి, కొందరు కోర్టుల్లో పోరాడారు.

ఆ స్వచ్ఛందం గురించి కొంచెం చెప్పాలి. బహిష్కరణ ఉత్తర్వు పడితే సాధారణంగా పదేళ్ల దాకా మళ్లీ అడుగుపెట్టనివ్వరు. తనంతట తాను వెళ్లిపోతే ఆ నిషేధం తప్పుతుంది. మోసం చేశాడని రికార్డులో రాస్తే జీవితాంతం తలుపు మూసుకుపోవచ్చు. జైలులో కూర్చుని, ఇంగ్లీషు చట్టం భాషలో ఉన్న కాగితాల ముందు ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఈ మూడింటి మధ్య ఎంచుకోవాలి. విమానం టికెట్టు తానే కొనుక్కుని హైదరాబాద్‌లో దిగాలి. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

దళారుల సంగతి?

ఎనిమిది మందీ నేరం ఒప్పుకున్నారు, జైలు శిక్షలు పడ్డాయి. వాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు. మన పిల్లలను మనవాళ్లే కమీషన్ కోసం అందులో చేర్చారన్నది చేదు నిజం. తీసుకొచ్చిన ప్రతి విద్యార్థికీ వాళ్లకు డబ్బు ముట్టజెప్పింది మాత్రం ప్రభుత్వ ఏజెంట్లే.

మరి ప్రభుత్వం వైపు నుంచి జవాబు చెప్పింది ఎవరు?

మంత్రి స్థాయిలో ఎవరి పదవికీ ఈ కేసు వల్ల ఇబ్బంది రాలేదు. అప్పుడు హోంలాండ్ సెక్యూరిటీ మంత్రిగా ఉన్న కిర్స్టెన్ నీల్సన్ 2019 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు, కారణం ఇది కాదు. దళారులు, విద్యార్థులు వ్యవస్థను ఎలా వాడుకుంటున్నారో తెలుసుకోవడానికి ఇలాంటి రహస్య కార్యక్రమాలు అవసరమని ఐస్ సమర్థించుకుంది.

2019 నవంబరులో అరెస్టుల సంఖ్య 250కి చేరిందన్న వార్త వచ్చినప్పుడు కొంత కదలిక వచ్చింది. డెమోక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీలో ఉన్న సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ఇది క్రూరమని, దిగ్భ్రాంతికరమని అన్నారు. మంచి చదువు కోరుకున్న విద్యార్థులను పంపేయడానికే ఐస్ వాళ్లను మోసగించి వలలో వేసిందన్నారు. మరికొందరు ప్రజాప్రతినిధులూ గొంతు కలిపారు. మాటలు గట్టిగానే వచ్చాయి. కానీ వార్త పాతబడగానే మాటలూ ఆగిపోయాయి.

జవాబుదారీతనం అంటే ఎవరో ఒకరిని జైలుకు పంపడం కాదు. ఒక ప్రభుత్వ శాఖ తన పేరు మీద అబద్ధపు పత్రాలు ఇవ్వవచ్చా, ఎంతకాలం ఇవ్వవచ్చు, అందులో అమాయకులు చిక్కితే వాళ్లను ఎలా బయటపడేస్తారు, వసూలు చేసిన డబ్బు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు బాధ్యులు ప్రమాణం చేసి బహిరంగంగా సమాధానం చెప్పడం. 600 మందికి సంబంధించిన ఈ కేసు అంతమాత్రం విచారణకైనా నోచుకోవాల్సింది.

ఇదంతా ట్రంప్ ప్రభుత్వం చేసిందే కదా?

కాదు. అరెస్టులు ట్రంప్ కాలంలో జరిగాయి, వల పన్నడం మొదలైంది ఒబామా కాలంలో. దీనికి అచ్చు కూడా ఒబామా కాలంలోనే తయారైంది. న్యూజెర్సీలోని క్రాన్‌ఫోర్డ్‌లో 2013లో ‘యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ న్యూజెర్సీ’ అనే మరో బూటకపు బడిని ఇదే శాఖ పెట్టింది. 2016 ఏప్రిల్‌లో 21 మంది దళారులను అరెస్టు చేసి ఆ సంగతి బయటపెట్టింది. వెయ్యి మందికి పైగా విద్యార్థులు అందులో చిక్కారు, ఎక్కువమంది భారతీయులు, చైనీయులు. ఆ విద్యార్థులు వేసిన కేసును కింది కోర్టు కొట్టివేసింది. 2019 ఆగస్టులో మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

ఒక పార్టీని తిట్టి ఊరుకుంటే ఈ పద్ధతి ఎప్పటికీ మారదు. రెండు పార్టీల హయాంలోనూ ఇదే శాఖ, ఇదే ఆలోచనతో పనిచేసింది.

2011లో కాళ్లకు రేడియో కాలర్లు కట్టింది కూడా ఇలాంటి కేసులోనేనా?

పేర్లు కలిసిపోతుంటాయి కానీ అది వేరు. కాలిఫోర్నియాలోని ప్లెజెంటన్‌లో ఉన్న ట్రైవ్యాలీ యూనివర్సిటీ ప్రైవేటు మోసం. 2011 జనవరిలో దాని మీద దాడి చేసినప్పుడు 1,500 మందికి పైగా విద్యార్థులు రోడ్డున పడ్డారు. దాదాపు అందరూ భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. దాని యజమానికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

కొందరు విద్యార్థుల చీలమండలకు జీపీఎస్ పరికరాలు బిగించారు. మన పత్రికలు వాటినే రేడియో కాలర్లన్నాయి. ఆ పరికరం కాలి నుంచి ఊడదు. ఛార్జింగ్ అయిపోతుంటే గోడ ప్లగ్గుకు తీగ పెట్టుకుని, అది నిండేదాకా గోడ పక్కనే కూర్చోవాలి. స్నానానికి వెళ్లినా, నిద్రపోయినా అది కాలికే ఉంటుంది. ప్యాంటు కింద ఉబ్బెత్తుగా కనిపించే ఆ నల్ల డబ్బాతో బజారుకు వెళ్లిన పిల్లల ఫోటోలు చూసి ఇక్కడి జనం ఉడికిపోయారు. అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ బహిరంగంగా తప్పుపట్టారు. మనవైపు నుంచి నిరసన ఎక్కువగా వచ్చింది ఆ పరికరం మీదే. ప్రభుత్వ జాబితాలో ఉన్న విద్యాసంస్థ మోసం చేస్తే, దాన్ని జాబితాలో ఉంచినవాళ్ల బాధ్యత ఏమిటన్న ప్రశ్న మరుగున పడింది. ఎనిమిదేళ్ల తర్వాత ఫార్మింగ్టన్‌లో అదే ప్రశ్న ఇంకా పెద్దదై ఎదురైంది.

భారత ప్రభుత్వం ఏం చేసింది?

2019 ఫిబ్రవరి 2న ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం అందజేసింది. మోసపోయిన విద్యార్థులను దళారులతో ఒకే గాటన కట్టవద్దని, నిర్బంధంలో ఉన్నవాళ్లను కలిసేందుకు కాన్సులేట్ అధికారులను వెంటనే అనుమతించాలని కోరింది. వాషింగ్టన్ రాయబార కార్యాలయంలో రాత్రింబవళ్లు పనిచేసే సహాయ ఫోను లైను పెట్టింది. అమెరికాలోని తెలుగు సంఘాలు న్యాయవాదులను సమకూర్చాయి. ఆ రెండు వారాలు ఆ సంఘాల వాళ్లు చేసిన సాయం మరవలేనిది.

2025 ఫిబ్రవరి 5న సంకెళ్లతో 104 మంది భారతీయులను అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దింపినప్పుడు నిరసన అంతకంటే పెద్దదిగా వచ్చింది. మర్నాడు పార్లమెంటు దద్దరిల్లింది. కొందరు ప్రతిపక్ష ఎంపీలు చేతులకు బేడీలు వేసుకుని ఆవరణలో నిలబడ్డారు. సంకెళ్ల పద్ధతి 2012 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారమేనని, 2009 నుంచి 15 వేలకు పైగా భారతీయులను తిప్పి పంపారని విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో చెప్పారు. మంత్రి సభలో నిలబడి లెక్క చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు దక్కిన ఫలితం అది.

కట్టిన ఫీజులు తిరిగి వస్తాయా?

ఈ కథలో కాస్త వెలుతురు కనిపించేది ఇక్కడే. ఫీజు కట్టిన ఒక విద్యార్థి తనలాంటివాళ్లందరి తరఫున అమెరికా ప్రభుత్వం మీద దావా వేశాడు. వాదన చాలా సూటిది. చదువు చెబుతామని డబ్బు తీసుకున్నారు, చదువు చెప్పలేదు, కాబట్టి ఒప్పందం ఉల్లంఘించారు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా డబ్బు దావాలు వినే ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు 2022లో ఆ కేసు కొట్టివేసింది. చట్టాల అమలు కోసం ప్రభుత్వం తన సార్వభౌమ అధికారంతో చేసిన పని కాబట్టి ఈ కోర్టు వినకూడదన్నది అప్పటి వైఖరి.

2024 జూన్ 25న ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఫీజు తీసుకుని చదువు చెబుతామనడం ఏ ప్రైవేటు సంస్థ అయినా చేసుకునే మామూలు ఒప్పందమే, దాని వెనుక రహస్య ఉద్దేశం ఉన్నంత మాత్రాన ప్రభుత్వానికి కోర్టు నుంచి మినహాయింపు రాదు అని తేల్చి కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. డబ్బు ఇవ్వాలని ఆ తీర్పు చెప్పలేదు. కేసు నడవాలని చెప్పింది. అయిదేళ్ల తర్వాత ఆ ఒక్క కిటికీ తెరుచుకుంది.

అధికారుల మీద వ్యక్తిగతంగా కేసు వేయవచ్చా?

చాలా కష్టం. రాజ్యాంగ హక్కులు ఉల్లంఘించిన ఫెడరల్ అధికారి నుంచి నష్టపరిహారం కోరే దారిని అమెరికా సుప్రీంకోర్టు ఏళ్ల తరబడి ఇరుకు చేస్తూ వచ్చింది. 2022లో సరిహద్దు గస్తీ ఏజెంటు మీద వేసిన కేసులో ఆ దారిని దాదాపుగా మూసేసింది. అందువల్లే రాజకీయ ఒత్తిడి, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) విచారణలు మరింత ముఖ్యమయ్యాయి.

2018లో పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసినప్పుడు ప్రభుత్వం వెనక్కి తగ్గింది కదా. ఇక్కడ ఎందుకు తగ్గలేదు?

2018 వసంతంలో ట్రంప్ ప్రభుత్వం మెక్సికో సరిహద్దులో ‘జీరో టాలరెన్స్’ విధానం పెట్టింది. అనుమతి లేకుండా దాటిన పెద్దలందరి మీదా క్రిమినల్ కేసులు పెట్టి, వాళ్ల పిల్లలను విడిగా తీసుకుపోయింది. అమ్మ కోసం, నాన్న కోసం ఏడుస్తున్న పిల్లల గొంతులు రికార్డయి జూన్‌లో బయటికి వచ్చాయి. ఇనుప కంచెల వెనుక పిల్లల ఫోటోలు వచ్చాయి. సొంత పార్టీ నాయకులు సైతం తప్పుపట్టారు. జూన్ 20న అధ్యక్షుడు తానే ఉత్తర్వు మార్చాడు. జూన్ 26న శాన్‌డియేగోలో న్యాయమూర్తి డేనా సబ్రా పిల్లలను తిరిగి కలపాలని గడువు పెట్టి ఆదేశించారు. ట్రంప్ హయాంలో వేరు చేసిన పిల్లల సంఖ్య అయిదు వేలు దాటిందని తర్వాత తేలింది. ఎవరిని ఎక్కడికి పంపారో సరైన రికార్డు లేకపోవడం వల్ల కలపడానికి ఏళ్లు పట్టింది. 2023 డిసెంబరులో కోర్టు ఆమోదించిన ఒప్పందం అలాంటి విధానాన్ని ఎనిమిదేళ్ల పాటు నిషేధించింది.

పసిబిడ్డ ఏడుపు వింటే ఎవరి గుండె అయినా కరుగుతుంది. మన విద్యార్థి ఏడుపు అలా ఎవరి చెవినా పడలేదు. కౌంటీ జైలు గదిలోకి కెమెరాలు వెళ్లలేదు. దానికి తోడు ఆ విద్యార్థి కొంత తప్పు చేశాడు, ఆ తప్పు గురించి సిగ్గుపడుతున్నాడు, ఇంట్లో చెప్పుకోలేకపోతున్నాడు. చాలా కుటుంబాలు ఊళ్లో తెలియకుండా దాచాయి. ఓటు లేని మనిషి, మౌనంగా ఉన్న మనిషి రాజకీయ నాయకుడి లెక్కలోకి రాడు. తప్పు కొంచెం ఉన్నవాడికి జరిగిన పెద్ద అన్యాయాన్ని ఎత్తిచూపడం చాలా కష్టమని ఈ కేసు చూసే నేర్చుకున్నాను.

కాంగ్రెస్ వలస శాఖను గట్టిగా నిలదీసిన సందర్భమే లేదా?

ఉంది, అది ఎదురు దిశలో జరిగింది. హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి అలెహాండ్రో మయోర్కస్‌ను 2024 ఫిబ్రవరి 13న ప్రతినిధుల సభ 214–213 ఓట్లతో అభిశంసించింది. వలస చట్టాలను సరిగా అమలు చేయలేదన్నది ఆరోపణ. ఏప్రిల్‌లో సెనేట్ దాన్ని కొట్టివేసింది. కఠినంగా వ్యవహరించిన మంత్రికి అలాంటి గండం రాలేదు. మెతకగా ఉంటే పదవికి ముప్పు, కఠినంగా ఉంటే ముప్పు లేదు అన్న పాఠం ఏ అధికారికైనా ఇట్టే అర్థమవుతుంది.

తప్పు చేసినవాళ్లను పట్టుకుంటే ఇంత గొడవ ఎందుకు?

చట్టం అమలు చేయవద్దని ఎవరూ అనడం లేదు. వీసా నిబంధన ఉల్లంఘిస్తే ఆ దేశం పంపేయవచ్చు. అభ్యంతరం పద్ధతి మీద. ఎక్కడో జరుగుతున్న మోసాన్ని పట్టుకోవడం వేరు, లేని మోసాన్ని ప్రభుత్వ ముద్ర వేసి సృష్టించి, రెండేళ్లు ఫీజులు వసూలు చేసి, ఆనక తలుపు కొట్టడం వేరు. ఆ ప్రభుత్వ ముద్రను నమ్మడం ఇక తప్పే అయితే, నిజాయితీగా చదువుకోవడానికి వెళ్లే లక్షల మంది దేన్ని నమ్మాలి?

ఆ తర్వాత పరిస్థితి ఏమైనా మారిందా?

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఐస్ 4,700కు పైగా విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను ఒక్కసారిగా రద్దు చేసింది. విద్యార్థుల పేర్లను పోలీసు రికార్డుల కంప్యూటర్‌తో సరిపోల్చి తగిలినవాటిని తీసేశారు. ట్రాఫిక్ జరిమానా వంటివి, కొట్టివేసిన కేసులు కూడా అందులో దొర్లాయి. అమెరికా వలస న్యాయవాదుల సంఘం సేకరించిన 327 ఉదంతాలలో సగం మంది భారతీయులే.

ఈసారి విద్యార్థులు ఊరుకోలేదు. వారాల వ్యవధిలో దేశమంతటా వందకు పైగా దావాలు పడ్డాయి. డజన్ల కొద్దీ న్యాయమూర్తులు తాత్కాలిక ఉత్తర్వులు ఇచ్చారు, ఏ చట్టం కింద రద్దు చేశారో చెప్పమని ప్రభుత్వ న్యాయవాదులను నిలబెట్టి అడిగారు. సూటి సమాధానం రాలేదు. ఏప్రిల్ 25న రికార్డులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వం కోర్టులో చెప్పింది. ఫార్మింగ్టన్ విద్యార్థులు ఒంటరిగా సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. వీళ్లు కలిసి కోర్టుకు వెళ్లారు. విశ్వవిద్యాలయాలు కూడా కొన్నిచోట్ల వీళ్ల పక్షాన నిలిచాయి.

ఇక్కడి కన్సల్టెన్సీలను అడిగేవారు లేరా?

గల్ఫ్‌కు కూలీలను పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద నమోదు చేసుకోవాలి. విద్యార్థులను పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. అమీర్‌పేటలో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బోర్డు పెట్టుకుని లక్షలు వసూలు చేసేవాళ్లు చెప్పింది అబద్ధమైతే, పోలీసు కేసు, వినియోగదారుల ఫోరం తప్ప వేరే దారి దాదాపుగా లేదు. అమెరికా ప్రభుత్వాన్ని నిలదీయడం మన చేతుల్లో లేదు. మన శాసనసభల్లో ఈ ప్రశ్న లేవనెత్తడం మన చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు వెళ్లే విద్యార్థి ఏం చూసుకోవాలి?

ప్రభుత్వ జాబితా ఒక్కటీ చూసి ఆగవద్దు. అక్కడ చదివి పట్టా తీసుకున్న మనిషితో స్వయంగా మాట్లాడండి. అధ్యాపకుల పేర్లు వెతికి, వాళ్లు నిజంగా ఉన్నారో లేదో చూడండి. చేరాక పాఠాలు జరగకపోతే మొదటి నెలలోనే లిఖితపూర్వకంగా అడిగి, ఆ ఈమెయిళ్లు దాచుకోండి. విద్యార్థులను చేర్పిస్తే ఫీజు తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. విద్యార్థిని దళారిగా మార్చేది ఆ మాటే.

అధికారులు తలుపు తడితే?

న్యాయమూర్తి సంతకం చేసిన వారెంటు ఉందా అని తలుపు తీయకుండానే అడగవచ్చు. ఐస్ అధికారి తానే సంతకం చేసిన కాగితం అలాంటి వారెంటు కాదు. మౌనంగా ఉండే హక్కు ఉంది. అబద్ధం మాత్రం చెప్పకూడదు. న్యాయవాది చూడనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు, ముఖ్యంగా స్వచ్ఛందంగా వెళ్లిపోతానన్న కాగితం మీద. అరెస్టయితే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని నోరు తెరిచి అడగాలి. భారతీయుల విషయంలో అడిగితేనే కబురు పంపుతారు.

ఎక్కడ ఉంచారో ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఐస్ వెబ్‌సైటులో వెతకవచ్చు. పుట్టిన దేశంతో పాటు ఏ-నంబరు, అంటే విదేశీయులకు వలస అధికారులు ఇచ్చే నంబరు, కావాలి, ఓపీటీ కార్డు ఉంటే దాని మీద ముద్రించి ఉంటుంది. ఆ కార్డు ఫోటో ఒకటి అమ్మానాన్నల ఫోనులో ఉంచండి. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే టైపు చేయండి. దొరకకపోతే ఇంటిపేరును, అసలు పేరును తారుమారు చేసి మరోసారి చూడండి. అక్కడి రికార్డుల్లో మన ఇంటిపేర్లు తరచుగా ముందువెనకలవుతాయి.